మల్టీకల్చరల్ కౌన్సెలింగ్ క్విజ్‌కి ఫోన్‌తో ప్రిపేర్ అవుతున్నారా? ఈ ఒక్క రకం ఫ్లాష్‌కార్డ్ మాత్రం చేయకండి

ఫ్లాష్‌కార్డ్ యాప్ అనగానే మనకి గుర్తొచ్చేవి నీట్, గ్రూప్స్, జీఆర్‌ఈ వర్డ్ లిస్ట్. కానీ సైకాలజీ చదివేవాళ్లకి కూడా ఇది బాగా పనికొస్తుంది. మా చిన్నమ్మ కూతురు కడపలో సైకాలజీ పీజీ చేస్తోంది. ఈ సెమిస్టర్‌లో తనకి మల్టీకల్చరల్ కౌన్సెలింగ్ అని ఒక పేపర్ ఉంది. వారానికో క్విజ్, 20 ప్రశ్నలు, 20 నిమిషాలు. "అన్నా, పేర్లూ సంవత్సరాలూ అన్నీ కలిసిపోతాండాయి, ఏదన్నా మంచి యాప్ చెప్పు" అని ఫోన్ చేసింది.

నేను కర్నూలులో ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సైకాలజీ నా సబ్జెక్ట్ కాదు. కానీ తనకి సెటప్ చేసి ఇవ్వాలంటే సిలబస్ చూడక తప్పలేదు. చూస్తూ పోతే ఒక విషయం అర్థమైంది. ఈ సబ్జెక్ట్‌లో ఫ్లాష్‌కార్డ్ ఎంత ఉపయోగపడుతుందో, తప్పుగా వాడితే అంత చెడగొడుతుంది. ఆ తేడా ఏంటో, ఫోన్‌లో ఏం సెట్ చేసుకోవాలో, క్విజ్ ముందు వారం ఎలా ప్లాన్ చేసుకోవాలో ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం.

అసలు ఈ సబ్జెక్ట్‌లో ఏముంటుంది?

సింపుల్‌గా చెప్పాలంటే, కౌన్సెలర్ ముందు కూర్చున్న మనిషి భాష, మతం, కులం, ఊరు, డబ్బు, వయసు కౌన్సెలర్‌తో కలవకపోవచ్చు. అప్పుడు ఆ మనిషి చెప్పేది సరిగ్గా వినడం ఎలా అనేదే ఈ సబ్జెక్ట్. ఇది అమెరికాలో 1970ల నుంచి బలంగా ఎదిగింది. డెరాల్డ్ వింగ్ సూ రాసిన టెక్స్ట్‌బుక్ మొదటి ఎడిషన్ 1981లో వచ్చింది. 1992లో సూ, అరెడోండో, మెక్‌డేవిస్ కలిసి కౌన్సెలర్‌కి ఉండాల్సిన సామర్థ్యాల లిస్ట్ ఇచ్చారు. దాంట్లో మూడు భాగాలు గుర్తుపెట్టుకోవాలి: తన నమ్మకాల మీద తనకి ఎరుక, ఎదుటివాళ్ల ప్రపంచం గురించి జ్ఞానం, దానికి తగిన నైపుణ్యం. ఇదే లిస్ట్‌ని 2015లో రాట్స్ బృందం సామాజిక న్యాయం అనే కోణం చేర్చి కొత్తగా రాసింది.

క్విజ్‌లో ఎక్కువగా వచ్చే మిగతా టాపిక్స్ ఇవి:

- జాన్ బెర్రీ చెప్పిన నాలుగు దారులు. కొత్త సంస్కృతిలోకి వెళ్లిన మనిషి తనది ఉంచుకుని కొత్తదానిలోనూ కలిస్తే ఇంటిగ్రేషన్. తనది వదిలేసి కొత్తదాంట్లో కలిసిపోతే అసిమిలేషన్. తనది మాత్రమే పట్టుకుని దూరంగా ఉంటే సెపరేషన్. రెండిటికీ కాకుండా పోతే మార్జినలైజేషన్.
- ఎమిక్, ఎటిక్. ఒక సంస్కృతిని లోపలి వాళ్ల మాటల్లో అర్థం చేసుకుంటే ఎమిక్, అన్ని చోట్లా ఒకే కొలతతో చూస్తే ఎటిక్. ఈ పదాలు భాషాశాస్త్రవేత్త కెన్నెత్ పైక్ నుంచి వచ్చాయి.
- పమేలా హేస్ 'అడ్రెసింగ్' మోడల్. వయసు, ఎదుగుదలకి సంబంధించిన వైకల్యం, ఇతర వైకల్యం, మతం, జాతి, ఆర్థిక స్థితి, లైంగికత, మూలవాసీ వారసత్వం, దేశం, జెండర్. వీటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలన్నీ కలిపితే ఆ పేరు వస్తుంది.
- మైక్రోఅగ్రెషన్. ఈ పదం 1970లో చెస్టర్ పియర్స్ వాడారు. 2007లో డెరాల్డ్ వింగ్ సూ బృందం దీన్ని మైక్రోఅసాల్ట్, మైక్రోఇన్‌సల్ట్, మైక్రోఇన్‌వాలిడేషన్ అని మూడు రకాలుగా విడదీసింది.
- కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో 16 ప్రశ్నలతో ఉంటుంది. సమస్యని క్లయింట్ ఏమని పిలుస్తున్నారు, దానికి కారణం ఏమనుకుంటున్నారు, ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు, ఇంతవరకు ఎవరి సాయం తీసుకున్నారు లాంటివి అడుగుతారు.

ఇంకో చిన్న హెచ్చరిక. ఈ సబ్జెక్ట్‌లో ఒకరి కంటే ఎక్కువ మంది 'సూ'లు ఉంటారు, ముఖ్యంగా ఈ ఇద్దరు: డెరాల్డ్ వింగ్ సూ, స్టాన్లీ సూ. ఇద్దరూ అన్నదమ్ములు, ఇద్దరూ సైకాలజిస్టులే. మా చెల్లెలికి పేర్లు కలిసిపోవడానికి సగం కారణం వీళ్లే.

క్విజ్‌లో రెండు రకాల ప్రశ్నలు

పాత క్విజ్ పేపర్లు నాకు పంపించమన్నాను. చూస్తే ప్రశ్నలు రెండు రకాలుగా కనిపించాయి.

మొదటి రకం డైరెక్ట్ ప్రశ్న. "మైక్రోఅగ్రెషన్ అనే పదం మొదట వాడింది ఎవరు?" లాంటిది. ఇది జ్ఞాపకశక్తి ప్రశ్న. ఫ్లాష్‌కార్డ్ దీనికోసమే పుట్టింది.

రెండో రకం కేస్ ప్రశ్న. ఒక మనిషి గురించి నాలుగు లైన్లు ఇచ్చి, కౌన్సెలర్ మొదట ఏం చేయాలి అని అడుగుతారు. తను మార్కులు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా ఇక్కడే. నేను మన ప్రాంతానికి తగ్గట్టు ఒకటి తయారు చేశాను, మీరూ ట్రై చేయండి.

ప్రొద్దుటూరు దగ్గర పల్లె. 45 ఏళ్ల ఆమె. భర్త కువైట్‌లో డ్రైవర్. ఆమెకి కొన్ని నెలలుగా గుండె దడ, రాత్రిళ్లు నిద్ర లేదు. డాక్టర్ చేయించిన టెస్టులన్నీ నార్మల్. "గాలి సోకిందేమో అని దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకున్నా" అని కౌన్సెలర్‌తో చెప్పింది. కౌన్సెలర్ మొదట ఏం చేయాలి?

అ) గాలి, తాయెత్తు ఇవన్నీ మూఢనమ్మకాలని ఓపిగ్గా వివరించాలి.
ఆ) ఆమె నమ్మకాన్ని గౌరవించి, దర్గాకే వెళ్లమని చెప్పి పంపేయాలి.
ఇ) ఈ బాధని ఆమె ఏమనుకుంటోందో, దర్గాకు వెళ్లొచ్చాక ఎలా అనిపించిందో అడగాలి.
ఈ) గల్ఫ్ కుటుంబాల్లో ఒంటరితనం మామూలే కాబట్టి దాని మీద సెషన్ మొదలుపెట్టాలి.

జవాబు 'ఇ'. 'అ' తప్పని అందరికీ తెలుస్తుంది. 'ఆ' గౌరవంలా కనిపిస్తుంది కానీ అక్కడ కౌన్సెలర్ తన పనే చేయలేదు. అసలు ట్రాప్ 'ఈ'. బాగా చదివిన స్టూడెంట్సే దీనికి పడిపోతారు. ఎందుకంటే వాళ్ల బుర్రలో ఒక కార్డు ఉంటుంది: "గల్ఫ్ కుటుంబం అంటే ఒంటరితనం" అని. ఆమె నిద్ర పోకపోవడానికి కారణం బోరు వేయడానికి చేసిన అప్పు కావచ్చు, కూతురి పెళ్లి కావచ్చు, అత్తతో గొడవ కావచ్చు. భర్త దూరంగా ఉండటం ఆమెకి ప్రశాంతంగా ఉండొచ్చు కూడా! అడక్కుండా మనకెలా తెలుస్తుంది?

చేయకూడని కార్డు ఇదే

మనం ఇంజినీర్లం కాబట్టి ఇలా ఆలోచిద్దాం. ఫ్లాష్‌కార్డ్ అంటే కీ-వాల్యూ జత. ముందు వైపు కీ, వెనక వైపు వాల్యూ. కీ కొట్టగానే వాల్యూ ఎంత ఫాస్ట్‌గా వస్తే అంత మంచిది. "1992 సామర్థ్యాల లిస్ట్ ఎవరిది?" అనే దానికి ఇది పర్ఫెక్ట్.

ఇప్పుడు అదే కార్డు ముందు వైపు ఒక కులం పేరో, మతం పేరో, ప్రాంతం పేరో రాసి, వెనక వైపు "వీళ్లు ఇలా ఉంటారు" అని రాశాం అనుకోండి. ఆ కార్డుని పది రోజుల్లో ఐదారు సార్లు చూసి, రెండు సెకన్లలో జవాబు వచ్చేలా ప్రాక్టీస్ చేశాం. మనం చేసింది ఏంటి? ఒక స్టీరియోటైప్‌ని చాలా ఎఫిషియెంట్‌గా మెదడులోకి ఎక్కించుకున్నాం. ఈ కోర్సు ఏది వద్దంటుందో సరిగ్గా అదే.

ఈ సమస్య టెక్స్ట్‌బుక్ నుంచే మొదలవుతుంది. అమెరికన్ పుస్తకాల్లో చాప్టర్లు తరచుగా గ్రూపుల వారీగా ఉంటాయి. ఆఫ్రికన్ అమెరికన్లు, లాటినోలు, ఆసియా మూలాల వాళ్లు, ఇలా. ఆసియా వాళ్ల చాప్టర్‌లో కుటుంబం ముఖ్యం, పెద్దల మాటకి విలువ, భావాలు బయటపెట్టరు లాంటి పాయింట్లు కనిపిస్తాయి. అది చదివి చెల్లెలు నాతో అన్న మాట ఇది: "మా జేజి ఇంట్లో చావు జరిగితే వీధంతా వినపడేట్టు ఏడుస్తాది. భావాలు దాచుకుంటారని రాసినారే అన్నా, ఇది ఎవుర్ని గురించి?" కడపలో కూర్చుని చదివే స్టూడెంట్‌కి తన గురించి రాసిన చాప్టర్‌లో తనే కనపడకపోతే, మిగతా చాప్టర్లలో మిగతావాళ్లు ఎంతవరకు కనపడతారో ఆలోచించండి.

అలాగని సంస్కృతి గురించి ఏమీ తెలుసుకోవద్దని కాదు. దీనికి స్టాన్లీ సూ 1998లో ఒక మంచి పదం ఇచ్చారు: డైనమిక్ సైజింగ్. అంటే, గ్రూప్ గురించి తెలిసినదాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు పక్కన పెట్టి ఈ ఒక్క మనిషినే చూడాలో తెలిసి ఉండటం. అదే ఏడాది టెర్వలాన్, మర్రే-గార్సియా 'కల్చరల్ హ్యుమిలిటీ' అనే ఆలోచన తెచ్చారు. ఎదుటివాళ్ల సంస్కృతి మొత్తం నాకు తెలిసిపోయింది అనే స్టేజ్ ఎప్పటికీ రాదు, నేర్చుకుంటూనే ఉండాలి అని. ఈ రెండూ క్విజ్‌లో పక్కపక్కనే వస్తాయి కాబట్టి రెండు కార్డులూ జంటగా చేసుకోండి.

సో, రూల్ ఇదీ: కార్డు ముందు వైపు ఒక జనం పేరు, వెనక వైపు ఒక గుణం, ఈ జత ఎప్పుడూ వద్దు. దాని బదులు ముందు వైపు ఒక పరిస్థితి, వెనక వైపు అడగాల్సిన ప్రశ్న పెట్టండి.

యాప్ సెటప్: కొత్త ఫోన్ కొనక్కర్లేదు

నేను ఎంచుకున్నది ఆంకీ. డేమియన్ ఎల్మ్స్ 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఇది. ఆండ్రాయిడ్‌లో దీని వెర్షన్ పేరు ఆంకీడ్రాయిడ్. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. ప్లే స్టోర్‌లో ఇలాంటి పేర్లతోనే వేరే యాప్స్ కూడా ఉన్నాయి, కాబట్టి పేరు సరిగ్గా చూసి ఇన్‌స్టాల్ చేయండి. ఐఫోన్‌లో అయితే అధికారిక యాప్‌కి డబ్బులు పెట్టాలి. అది వద్దనుకుంటే బ్రౌజర్‌లో ఆంకీవెబ్ ఫ్రీగా వాడుకోవచ్చు.

చెల్లెలి ఫోన్ నాలుగేళ్ల పాతది, 4 జీబీ ర్యామ్. దాంట్లో ఆంకీడ్రాయిడ్ హాయిగా నడుస్తోంది. ఇంటర్నెట్ లేకపోయినా పని చేస్తుంది కాబట్టి కడప నుంచి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు వచ్చే బస్సులో కూర్చుని కూడా ఆ రోజు రివ్యూ మొత్తం అవగొట్టొచ్చు.

ఎందుకు పనిచేస్తుంది అంటే, 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్ట్ మనం నేర్చుకున్నది మొదట్లో ఎంత వేగంగా మర్చిపోతామో తన మీద తనే ప్రయోగాలు చేసి లెక్కలు చూపించాడు. మర్చిపోబోయే టైమ్‌కి మళ్లీ గుర్తు చేసుకుంటే ఆ జ్ఞాపకం గట్టిపడుతుంది. ఆంకీ ఆ టైమ్‌ని లెక్కగట్టి కార్డు చూపిస్తుంది. ఇంకో ముఖ్యమైన ప్రయోగం 2006లో రోడిగర్, కార్పికే చేసింది. ఒక గ్రూప్ పాఠాన్ని మళ్లీ చదివింది, ఇంకో గ్రూప్ పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే తారుమారైంది: మళ్లీ చదివినవాళ్లకి గుర్తున్నది దాదాపు 42 శాతం, గుర్తు చేసుకుని రాసినవాళ్లకి 56 శాతం. హైలైటర్‌తో పేజీలన్నీ పసుపు చేసి "చదివేసినా" అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

సెట్టింగ్స్ ఇలా పెట్టాను:

- డెక్ ఆప్షన్స్‌లో ఎఫ్ఎస్ఆర్ఎస్ ఆన్ చేయండి. పాత ఎస్ఎం-2 పద్ధతి కంటే ఇది మీ జ్ఞాపకశక్తికి తగ్గట్టు గ్యాప్ లెక్కిస్తుంది. డిజైర్డ్ రిటెన్షన్ 0.90 దగ్గర వదిలేయండి. 0.97 చేస్తే మార్కులు పెరగవు, రోజూ చూడాల్సిన కార్డులే కొండలా పెరుగుతాయి.
- కొత్త కార్డులు రోజుకి 10 చాలు. పది కొత్తవి అంటే కొన్ని వారాల్లో రోజుకి 70 నుంచి 100 రివ్యూలు తయారవుతాయి. అంతకంటే ఎక్కువైతే మూడో వారంలో యాప్ తీసేస్తారు, గ్యారంటీ.
- ఒక కార్డుకి ఒక విషయమే. బెర్రీ నాలుగు దారుల్ని ఒకే కార్డులో పెట్టొద్దు. నాలుగు కార్డులు చేయండి.
- 'అడ్రెసింగ్' లాంటి మోడల్స్‌కి క్లోజ్ కార్డులు వాడండి. వాక్యంలో ఒక పదం మాయమై ఖాళీ కనిపిస్తుంది, దాన్ని మీరు పూరించాలి.
- కేస్ కార్డులు తెలుగులో రాయండి. జీబోర్డ్ తెలుగు వాయిస్ టైపింగ్‌తో నాలుగు లైన్ల కేస్ నిమిషంలో అయిపోతుంది. మన యాస పడితే కొన్ని పదాలు తప్పు రాస్తుంది, ఒకసారి చూసుకుని సేవ్ చేయండి.
- చదివే అరగంట ఫోకస్ మోడ్ ఆన్ చేసి ఇన్‌స్టా, వాట్సాప్ ఆపేయండి. కార్డులు ఉన్న ఫోన్‌లోనే రీల్స్ కూడా ఉన్నాయి, మర్చిపోవద్దు.

కార్డుల్లోకి మన ఊరిని తేవడం

పరీక్ష పేపర్‌లో కేసులు అమెరికావే రావచ్చు. అయినా ప్రాక్టీస్ మన కేసులతోనే చేయమని చెప్తాను. ఎందుకంటే మనకి తెలిసిన చోట తప్పు జవాబు వెంటనే తేడా కొడుతుంది. న్యూయార్క్ కేసులో స్టీరియోటైప్ కనపడదు, నిజమే కాబోలు అనుకుంటాం. కడప కేసులో కనపడుతుంది. కొన్ని ఉదాహరణలు చూడండి.

*మైక్రోఅగ్రెషన్ కార్డు.* ముందు వైపు: హైదరాబాద్‌లో కొత్తగా చేరిన ఉద్యోగి కడప అని చెప్పగానే "అమ్మో, బాంబులు తెచ్చావా?" అని నవ్వారు. ఇది ఏ రకం? వెనక: మైక్రోఇన్‌సల్ట్. జోక్ అయినా ఒక ప్రాంతం మొత్తానికి హింసని అంటగడుతోంది. రెండో కార్డు: అతను బాధపడితే "ఇంత చిన్నదానికే ఫీలవుతావేంటి?" అన్నారు. వెనక: మైక్రోఇన్‌వాలిడేషన్. అతని అనుభవాన్నే కొట్టిపారేశారు. ఫ్యాక్షన్ సినిమాలు చూసి పెరిగిన మన జనరేషన్‌కి ఈ రెండు కార్డులు ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో మర్చిపోరు.

*బెర్రీ కార్డు.* ముందు వైపు: రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లి 12 ఏళ్లు ఉన్న మనిషి. అరబ్బీ బాగా నేర్చుకున్నాడు, అక్కడి స్నేహితులున్నారు. రూమ్‌లో రాగి సంగటి వండుకుంటాడు, ఊరి జాతరకి తప్పకుండా వస్తాడు. ఏ దారి? వెనక: ఇంటిగ్రేషన్. ఇంకో కార్డు: అదే మనిషి తిరిగొచ్చేశాక ఊళ్లో "కువైటోడు" అంటున్నారు, అక్కడేమో వీసా అయిపోయింది, ఎక్కడా తన చోటు అనిపించడం లేదు. వెనక: మార్జినలైజేషన్ వైపు. దానికింద ఒక లైన్: "ఇల్లు అంటే మీకు ఇప్పుడు ఏది గుర్తొస్తుంది, అని అడుగు."

*మతం కార్డు.* ముందు వైపు: క్లయింట్ ఫారంలో మతం దగ్గర ఒక పేరు రాశారు. దీంతో వాళ్ల నమ్మకాలు నాకు తెలిసినట్టేనా? వెనక: కాదు. ఎక్కడికి వెళ్తారు, కష్టం వస్తే ఎవరిని తలుచుకుంటారు అని అడుగు. కడపలో పెరిగినవాళ్లకి దీని అర్థం చెప్పక్కర్లేదు. పెద్ద దర్గాకి అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. ఉగాది రోజు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చి దర్శనం చేసుకుంటారు, బీబీ నాంచారమ్మని తమ ఇంటి ఆడపడుచు అనుకుంటారు. ఫారంలో ఉండే ఒక్క గడిలో ఇదంతా పట్టదు.

*భాష కార్డు.* ముందు వైపు: కర్నూలు పాతబస్తీలో ఇంట్లో ఉర్దూ, ఆదోని వైపు ఇంట్లో కన్నడ, తండాలో ఇంట్లో లంబాడీ మాట్లాడే క్లయింట్లు. ముగ్గురూ నీతో తెలుగులోనే మాట్లాడుతున్నారు. ఏం గమనించాలి? వెనక: బాధ చెప్పుకోవడానికి ఏ భాష సులువుగా వస్తుందో అడుగు. తెలుగులో చిన్న జవాబులు వస్తున్నాయంటే చెప్పడానికి ఏమీ లేదని కాదు. దుభాషి అవసరమైతే ఇంట్లోని పిల్లల్ని కూర్చోబెట్టకు.

*ఎమిక్ కార్డు.* ముందు వైపు: "నాకు డిప్రెషన్" అని ఎవరూ అనలేదు. "మనసు బాగల్యా", "తలకాయంతా బరువు", "అన్నం సయించడంల్యా" అన్నారు. ఏం చేయాలి? వెనక: వాళ్ల మాటనే వాడుతూ అడుగు. ఎప్పటి నుంచి, ఎప్పుడు ఎక్కువ, ఇంట్లోవాళ్లు దీన్ని ఏమంటున్నారు?

చూశారుగా, ఈ కార్డుల్లో మన ప్రాంతం గురించి సమాచారం బోలెడు ఉంది. అయినా ఏ కార్డూ "వీళ్లు ఇలాంటివాళ్లు" అని తేల్చడం లేదు. కార్డు తిప్పగానే వచ్చేది కౌన్సెలర్ ఏం చూడాలి, ఏం అడగాలి అన్నదే.

ఏఐ టూల్స్ వాడొచ్చా?

వాడొచ్చు, పరిమితంగా. మీ నోట్స్ పీడీఎఫ్ ఇచ్చి ప్రాక్టీస్ ప్రశ్నలు తయారు చేయించుకోవడానికి నోట్‌బుక్‌ఎల్ఎమ్ లాంటివి బాగుంటాయి. అవి మీరిచ్చిన నోట్స్ ఆధారంగానే క్విజ్, ఫ్లాష్‌కార్డులు చేస్తాయి. మామూలు చాట్‌బాట్‌ని అడిగితే సంవత్సరాలు, రచయితల పేర్లు కొన్నిసార్లు కలిపేస్తుంది. ముఖ్యంగా ఇద్దరు సూల దగ్గర జాగ్రత్త. ప్రతి కార్డునీ టెక్స్ట్‌బుక్‌తో సరిచూశాకే డెక్‌లో వేయండి.

కేసులు రాయమంటే ఇంకో సమస్య. "రాయలసీమ క్లయింట్‌తో ఒక కేస్ ఇవ్వు" అంటే ఫ్యాక్షన్, కరువు, పరువు, ఈ మూడు కలిపి సినిమా కథ వండి పెట్టే ఛాన్స్ ఉంది. దాన్నీ ఒక ఎక్సర్‌సైజ్‌గా మార్చుకోండి. చాట్‌బాట్ రాసిన కేస్‌లో స్టీరియోటైప్ ఎక్కడుందో ఏరండి. ఇది కేస్ ప్రశ్నలకి మంచి ప్రాక్టీస్.

ఒక్కటి మాత్రం అస్సలు చేయొద్దు. ఫీల్డ్ వర్క్‌లో కలిసిన నిజమైన మనుషుల కథని పేరు మార్చి అయినా సరే చాట్‌బాట్‌లో టైప్ చేయకండి. ఊరు, వయసు, భర్త పని, పిల్లల సంఖ్య కలిస్తే చిన్న పల్లెలో ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆంకీ డెక్ కూడా సింక్ చేస్తే క్లౌడ్‌లోకి వెళ్తుంది. మన దేశంలో 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ గోప్యతని హక్కుగా ఇచ్చింది. స్టూడెంట్‌గా ఉన్నప్పుడే ఆ అలవాటు పడాలి. కార్డుల్లో కేసులన్నీ మీరు ఊహించి రాసినవే ఉండాలి.

క్విజ్ శనివారం అయితే వారం ప్లాన్

ఆదివారం: చాప్టర్ ఒక్కసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. రాయలేకపోయిన చోటే కార్డులు కావాలి.

సోమ, మంగళ: రోజుకి 10 కార్డుల చొప్పున డైరెక్ట్ ప్రశ్నలు. పేర్లు, సంవత్సరాలు, నిర్వచనాలు.

బుధ, గురు: రోజుకి 3 కేస్ కార్డులు. మీ వీధి, మీ బస్సు, మీ ఊరి ఆసుపత్రి నుంచి ఊహించి రాయండి. ప్రతి కేస్‌కి నాలుగు ఆప్షన్లు మీరే పెట్టండి. తప్పు ఆప్షన్ తయారు చేయడంలోనే సగం నేర్చుకుంటారు. అంత నమ్మశక్యంగా తప్పు రాయాలంటే సబ్జెక్ట్ తెలియాలి కదా!

శుక్రవారం: కొత్త కార్డులు సున్నా. కస్టమ్ స్టడీలో ఈ వారం మర్చిపోయిన కార్డులు మాత్రమే తీసి చూడండి. ఫ్రెండ్‌తో కేసులు మార్చుకుని 20 నిమిషాలు టైమర్ పెట్టి రాయండి. రాత్రి పది తర్వాత ఫోన్ పక్కన పెట్టి పడుకోండి.

శనివారం క్విజ్‌లో కేస్ ప్రశ్న రాగానే "మొదట" అనే పదం ఉందా చూడండి. ఉంటే చాలాసార్లు సరైన జవాబు అడగడం, వినడం వైపే ఉంటుంది. ప్రాణానికి ప్రమాదం ఉన్నట్టు కేస్‌లో సూచన ఉంటే మాత్రం భద్రత ముందు. ఆప్షన్‌లో "అందరూ", "ఎప్పుడూ", "ఈ కమ్యూనిటీలో మామూలే" లాంటి మాటలుంటే అనుమానించండి.

మార్కులు సరే, తర్వాత?

2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం టెలీ-మానస్ మొదలుపెట్టింది. 14416కి ఎవరైనా, ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడొచ్చు, తెలుగులో కూడా. రేపు అలాంటి ఫోన్ ఎత్తేది, లేదా కర్నూలులోనో కడపలోనో ఆసుపత్రి గదిలో కూర్చునేది ఇప్పుడు ఈ క్విజ్‌లు రాస్తున్నవాళ్లే. అవతల మిరపకాయల కోతకి గుంటూరు వలస వెళ్లొచ్చిన కూలీ ఉండొచ్చు, హాస్టల్‌లో నిద్ర పట్టని ఇంటర్ పిల్లాడు ఉండొచ్చు. మన దగ్గర చాలామంది ఇలాంటి విషయం మాట్లాడటానికి ఒక్కసారే ధైర్యం చేస్తారు. ఆ ఒక్కసారీ "మీలాంటి వాళ్లకి ఇది మామూలే" అనే మాట వినపడితే, మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పరు.

మెదడులో ముందే తయారుగా ఉన్న జవాబు ఆ మాటని క్షణంలో బయటికి తెస్తుంది. స్పేస్డ్ రిపిటిషన్ చాలా పవర్‌ఫుల్ టూల్, మనం ఏది లోడ్ చేస్తే దాన్ని గట్టిపరుస్తుంది. మంచీ చెడూ దానికి తెలియదు.

కాబట్టి ఇప్పటికే మీ దగ్గర డెక్ ఉంటే, ఈ రోజు ఒక పది నిమిషాలు తీసుకోండి. కార్డ్ బ్రౌజర్ ఓపెన్ చేసి, ముందు వైపు జనం పేరు, వెనక వైపు వాళ్ల గుణం ఉన్న కార్డులన్నీ వెతకండి. వాటిని సస్పెండ్ చేసి, ఒక్కోదాని బదులు ఒక పరిస్థితి, ఒక ప్రశ్న ఉన్న కార్డు రాయండి.  కేస్ ప్రశ్నల్లో మార్కులు తగ్గవు.